లొరెట్టా ముక్కు మీద నమ్మకం

అమెరికాలోని యాకిమా లోయలో హాప్ పువ్వు గురించి తెలియని వాడు ఉండడు, తెలియదని ఒప్పుకునే వాడు అసలే ఉండడు. బీరుకు చేదూ వాసనా ఇచ్చేది ఆ పువ్వే కాబట్టి, పొలమున్న వాడూ లేని వాడూ కూడా గుప్పెడు పువ్వులు అరచేతుల్లో నలిపి, కళ్ళు మూసుకుని, ఏదో ఒక తీర్పు చెప్పేస్తాడు. అలాంటి వాళ్ళందరూ లొరెట్టా డ్యూసెట్ వచ్చి నిలబడితే మాత్రం చేతులు దులుపుకుని పక్కకు తప్పుకుంటారు.

లొరెట్టా ముప్పై ఏళ్ళ పైచిలుకు హాప్ గిడ్డంగిలో పనిచేసింది. గోనెలో కుట్టి వచ్చిన బేళ్ళను కోసి, లోపలి నుంచి పిడికెడు పువ్వు తీసి, నలిపి, వాసన చూసి, ఇది ఫలానా బీరుకు పోవాలి, ఇది ఒట్టి చేదుకు తప్ప పనికిరాదు అని తేల్చడం ఆమె పని. పెద్ద పెద్ద కంపెనీల కొనుగోలుదార్లు కోటు గుండీలు పెట్టుకుని మరీ ఆమె మాట కోసం నిలబడేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చిన వాళ్ళ వాసన నచ్చలేదని చెబుతుంది.

రిటైరయ్యాక ఆమె గరాజే ఊళ్ళో ఇంటి బీరు కాచుకునే వాళ్ళందరికీ కూడలి అయింది. పది పన్నెండు మంది ఉంటారు. ఒక్కొక్కరూ వంటింట్లో పొయ్యి మీద కుండెడు కాచుకునే వాళ్ళే. విడివిడిగా కొంటే ఎవరికీ మంచి సరుకు దొరకదు. అందుకని ఏటా కోతలయ్యాక అందరి తరఫునా లొరెట్టా హాప్ రైతు ఆర్మాండ్ పొలానికి వెళ్ళి, ఒక పెద్ద పెట్టెడు ఎండు పువ్వు ఎంచి తెస్తుంది. అక్టోబరులో ఒక ఆదివారం ఆమె గరాజులో పంపకం. పెట్టె తెరిచాక మొదటి పిడికెడు ఆమెది. ఆమె నలిపి, వాసన చూసి, "సరే" అనాలి. ఆ మాట వినబడే దాకా పెట్టెలో ఇంకొకరి చెయ్యి పడదు. పడ్డాక ఆ పువ్వుకు ఎవరూ వంక పెట్టరు. అదీ ఆ గరాజు కట్టుబాటు.

దాచుకోవడంలో ఆమె ఇంకా కఠినం. ఒక్కసారి కాచడానికి ఎంత కావాలో అంతే చిన్న సంచుల్లో పొయ్యాలి, గాలంతా లాగేసి సీలు వెయ్యాలి, ఇంటికి పోగానే ఫ్రీజర్‌లో పెట్టాలి. పువ్వుకు గాలి మొదటి శత్రువు, వెచ్చదనం రెండో శత్రువు, వెండెల్ మూడో శత్రువు అంటుంది. వెండెల్ రిటైరైన ట్రాక్టరు మెకానిక్కు. ఇంటికి ఎవరొచ్చినా సంచి విప్పి వాసన చూపించి మళ్ళీ మడిచి పెట్టేవాడు. వేసవి వచ్చేసరికి అతని పువ్వు ముక్కిపోయిన చీజ్ వాసన కొట్టేది. అయినా కాచేవాడు, తాగమని అందరి మీదా పడేవాడు.

ఇంతటి లొరెట్టాకు మార్చిలో జ్వరం వచ్చింది. మంచం మీద వారం ఉండి లేచింది. లేచిన రోజు కాఫీ పెట్టుకుంటే వేడి నీళ్ళు తాగినట్టుంది. పొడి పాతబడిందనుకుని కొత్త డబ్బా విప్పింది. ముక్కు డబ్బాలో పెట్టి పీల్చింది. ఏమీ లేదు. సబ్బు, వెనిగర్, పొయ్యి మీద మాడుతున్న రొట్టె, దేనికీ వాసన లేదు. నాలుక మీద ఉప్పూ తీపీ చేదూ తెలుస్తున్నాయి, అంతే. డాక్టరమ్మ చూసి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కాస్త ఓపిక పట్టండి అంది. లొరెట్టా ఓపిక పట్టింది. ఏప్రిల్ పోయింది, జూన్ పోయింది. ఆగస్టు చివర కోతలు మొదలై లోయంతా హాప్ వాసనతో నిండినప్పుడు, రోడ్డు మీద పోతున్న లారీలను చూసి కోతలొచ్చాయని తెలుసుకుంది. ఆ రోజు వాకిట్లో నిలబడి ఏడ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. జనం తన గడప తొక్కేది ముక్కు కోసమేనని ఆమె గట్టి నమ్మకం. అది పోయిందని తెలిస్తే జాలిపడతారు, రెండు సార్లు పలకరిస్తారు, ఆ తర్వాత పంపకం ఇంకెవరి గరాజుకో మారుతుంది. ఆమెకు దయగా మాట్లాడేవాళ్ళంటే మొదటి నుంచీ పడదు. జాలిపడే వాళ్ళ మధ్య కూర్చోవడం కంటే అబద్ధం ఆడటమే నయమనుకుంది.

సెప్టెంబరు చివర ఆర్మాండ్ కొట్టానికి వెళ్ళింది. అతను రెండు కుప్పలు చూపించాడు.

"ఇది ముందు కోసింది, లొరెట్టా. అదుగో, అది తర్వాతది. మధ్యలో కోత మిషను విరిగి కూర్చుంది. ఆ మూల తీగలు తెగకుండా కొన్నాళ్ళు నిలిచిపోయాయి. చెప్పడం నా ధర్మం, ఆ పైన నీ ఇష్టం."

లొరెట్టా మొదటి కుప్ప లోంచి తీసి నలిపింది. కళ్ళు మూసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది, తలాడించింది. రెండో దాన్నీ అలాగే. రెండూ ఆమెకు ఒకటే, ఏమీ లేనితనం. కానీ రెండోది నలిపినప్పుడు పువ్వు లోపలి పసుపురంగు పొడి అరచేతులకు దట్టంగా, జిగురుగా అంటుకుంది. రేకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, పెళుసుగా విరుగుతున్నాయి. పొడి నిండుగా ఉంది, ఎండు బాగుంది, ఇంకేం కావాలని చెయ్యి చెప్పింది. ఆమె చేతిని నమ్మింది.

"ఇది," అంది.

ఆర్మాండ్ ఆ కుప్పను వేలితో చూపించాడు. "ఇదేనా? నిజంగా?"

"నాకు పువ్వు ఎంచడం నేర్పుతావా ఏంటి ఆర్మాండ్?"

"అమ్మో, నేనెంతటి వాణ్ణి!" అని అతను పెట్టె కట్టించాడు. అతనికి వెల్లుల్లి వాసన వచ్చింది. కానీ ఇన్నేళ్ళ లొరెట్టా ఎంచిందంటే తనకు తెలియని కొత్త రకం బీరేదో ఆమె మనసులో ఉందనుకున్నాడు. తీగ మీద ఎక్కువ రోజులు నిలిచిన పువ్వు వెల్లుల్లి కంపు కొడుతుందని ఈ లోయలో నిన్నగాక మొన్న పనిలో చేరిన వాడికి కూడా తెలుసు. లొరెట్టాకు అందరికంటే బాగా తెలుసు. మిషను విరిగిందని అతను అన్నప్పుడు ఆమె చెవి పెట్టి విని ఉంటే సరిపోయేది. ఆ సమయంలో ఆమె ఆలోచనంతా తన మొహం ఎలా కనబడుతోందన్న దాని మీదే ఉంది.

పంపకం ఆదివారం అందరూ వచ్చారు. లొరెట్టా పెట్టె తెరిచి, నలిపి, పీల్చి "సరే" అంది. చేతులు పెట్టెలో పడ్డాయి. తర్వాత గరాజులో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. మామూలుగా ఒకడు నిమ్మ అంటే ఇంకొకడు పైన్ చెట్టంటాడు, అరుచుకుంటారు. ఆ రోజు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెండెల్ నోరు తెరవబోతుంటే ఎల్విరా అతని కాలు తొక్కింది. ఎల్విరా లొరెట్టాతో గిడ్డంగిలో కలిసి పనిచేసిన మనిషి, ఆమె పెద్ద కొడుక్కి బాప్తిస్మం నాడు తల్లి స్థానంలో నిలబడిన జ్ఞానమాత లొరెట్టానే. సీలు మిషను దగ్గర కూర్చుని ఒక్కో సంచీ లోంచి గాలి లాగుతూ ఆమె లొరెట్టా వైపే చూస్తూ ఉంది. చుట్టూ ఉన్న నిశ్శబ్దాన్ని లొరెట్టా మర్యాదనుకుంది. గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకుంది.

ఆ గుంపులో కెండ్రా అనే కొత్తమ్మాయి ఉంది. ముప్పై దాటాయి, బడి ఆఫీసులో పని, వేసవిలోనే వీళ్ళలో చేరింది. ఆమెకూ వెల్లుల్లి వాసన వచ్చింది. ఇంతమంది పెద్దవాళ్ళు మాట్లాడకుండా సంచులు నింపుకుంటుంటే, తాజా పువ్వు ఇలాగే ఉంటుంది కాబోలనుకుని తన వాటా తాను తీసుకుపోయింది.

క్రిస్మస్ ముందు ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అందరూ గరాజులో చేరారు. ఎల్విరా మొక్కజొన్న పిండిలో పంది మాంసం పెట్టి ఆవిరికి ఉడికించిన తమాలీలు పెద్ద గిన్నెతో తెచ్చింది. మొక్కజొన్న పొత్తుల ఆకులు విప్పుకుంటూ, ఎవరు కాచిన బీరు వాళ్ళు పోస్తూ, గోలగోలగా ఉంది. లొరెట్టా అన్నీ రుచి చూసి మునుపటి లాగే తలాడిస్తోంది. సీసాల మీద రాసిన తేదీలు చూసి, అన్నీ నిరుటి పువ్వుతో కాచినవే అని గమనించి అడిగింది కూడా.

"ఈ ఏటిది ఎవరూ కాచలేదేం?"

"ఇంకా ఊరాలి," అన్నాడు వెండెల్.

"మాదీ అంతే, ఇంకా సీసాల్లో పొయ్యలేదు," అన్నారు ఇంకెవరో.

అప్పుడు కెండ్రా వచ్చింది. చేతుల్లో పెద్ద అట్టపెట్టె. అందులో కొత్త గిన్నె, గొట్టాలు, మూతలు, మిగిలిన పువ్వు సంచులు, పైన ఒక్క సీసా. పెట్టె కింద పెట్టి లొరెట్టా ముందు నిలబడింది.

"లొరెట్టా గారూ, ఇవన్నీ మీరే ఉంచుకోండి. ఎవరికైనా పనికొస్తాయి."

"ఏమైంది?"

"నా వల్ల కావట్లేదండీ. రెండుసార్లు కాచాను. మొదటిసారి వెల్లుల్లి కంపు. గిన్నె సరిగ్గా తోమలేదేమోనని కొత్తది కొన్నాను, గొట్టాలు మార్చాను, మా ఆయన్ని వారం రోజులు వంటింట్లో వెల్లుల్లి ముట్టనివ్వలేదు. మళ్ళీ అదే కంపు. అందరికీ వస్తున్నది నీకొక్కదానికే రావట్లేదంటే మానెయ్యడం మంచిది కదా అన్నాడు మా ఆయన. నిజమే కదండీ? ఒక్కసారి మీరు తాగి, నేనెక్కడ తప్పు చేశానో చెబితే చాలు. తెలుసుకుని మానేస్తాను."

వెండెల్ దగ్గాడు. "మీ వీధి నీళ్ళు మంచివి కావులే అమ్మాయ్."

"మొదట్లో అందరికీ అంతేనే," అంది ఎల్విరా, నేల చూస్తూ.

లొరెట్టా చేతిలో సీసా ఉంది. వెల్లుల్లి అన్న మాట చెవిన పడగానే ఆమెకు ఆర్మాండ్ కొట్టం, విరిగిన మిషను, చేతికంటిన జిగురు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పంపకం రోజు నిశ్శబ్దం ఎందుకో, ఇవాళ నిరుటి బీర్లు ఎందుకో తెలిసిపోయింది. ఇక్కడ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసీ నోరు కట్టుకున్నారు. తాను ఇప్పుడు "నీళ్ళే అయ్యుంటాయి" అంటే చాలు, ఎవరూ కాదనరు. గరాజు గరాజులాగే ఉంటుంది, వచ్చే ఏడు కూడా మొదటి పిడికెడు తనదే. కెండ్రా ఒక్కతే తన చేతకానితనమే అనుకుంటూ ఇంటికి పోతుంది. మళ్ళీ రాదు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతే అయినా వచ్చిన మాట నిజం. కెండ్రా ఇంకా ఆమె మొహంలోకే చూస్తోంది, మందలింపు కోసం ఎదురుచూసే బడిపిల్లలాగా. ఆ చూపు లొరెట్టా భరించలేకపోయింది.

"నీ గిన్నెలో తప్పు లేదు," అంది. "నీళ్ళలో లేదు. నీ చేతిలోనూ లేదు. పువ్వే చెడ్డది. తీగ మీద ముదిరిపోయిన పువ్వు. దాన్ని ఎంచింది నేను."

"మీరా? మీరెలా..."

"నాకు వాసన రాదు. మార్చి నుంచీ రాదు. ఈ తమాలీ మాడిందో లేదో కూడా చెప్పలేను. అక్టోబరులో ఇక్కడ నిలబడి మీ అందరి ముందూ నాటకమాడాను." చేతిలోని సీసాను పెట్టెలో పెట్టేసింది. "అదీ సంగతి. ఇక నవ్వేవాళ్ళు నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. వెండెల్ మెల్లగా అన్నాడు.

"మాకు తెలుసు, లొరెట్టా."

ఆమె మొహం ఎర్రబడింది. "తెలిస్తే ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు? నీ మనసు కష్టపెట్టడం ఎందుకులే అని..."

"నా మనసు! నా మనసు కోసం ఈ పిల్ల రెండు గిన్నెలు తోమి తోమి ఏడ్చింది. నన్ను కాపాడటానికి దీన్ని బలిపెట్టారు. బుద్ధుందా మీకు? పెద్దవాళ్ళేనా మీరు?"

"అంత మాటనకు. ఇన్నేళ్ళూ నువ్వు నా బీరు తాగి బాగుందనలేదా? మేము ఒక్కసారి ఊరుకుంటే తప్పొచ్చిందా?"

"బాగుందని నేనెప్పుడన్నాను? తాగొచ్చు అన్నాను!"

ముందు కెండ్రాకు నవ్వొచ్చింది. తర్వాత అందరూ నవ్వారు, వెండెల్ కూడా. నవ్వులు ఆగాక ఎల్విరా వచ్చి కెండ్రా చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే తల్లీ. వెండెల్ ఆ రోజే చెప్పబోయాడు, నేనే ఆపాను. నీ మీద పడుతుందని ఆలోచించలేదు. క్షమించు." లొరెట్టా వైపు తిరిగింది. "నీ సంగతి నాకు మే నెలలోనే తెలుసు. మా ఇంట్లో చిక్కుళ్ళు మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంటే, నువ్వు కుర్చీలో కూర్చుని వంట ఘుమఘుమలాడుతోంది అన్నావు చూడు, అప్పుడే. ఎప్పటికి చెబుతావా అని చూస్తున్నాను. నాకు కూడా చెప్పవా? నేను పరాయిదాన్నా?"

లొరెట్టా కుర్చీలో కూలబడింది. "భయమేసింది ఎల్విరా. ముక్కు పోయిందంటే మీరెవరూ రారనుకున్నాను."

"ఒసే పిచ్చిదానా! నీ ముక్కు కోసం వచ్చేవాళ్ళు అక్టోబరులో ఒక్కరోజు వస్తారు. రోజు మార్చి రోజు నీ కాఫీ తాగడానికి నేనొస్తున్నాను, దేనికోసం? ఆ కాఫీ కోసమా? ఈ మధ్య బురద నీళ్ళలా పెడుతున్నావు."

లొరెట్టా చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. అవమానం ఇంకా మంటగానే ఉంది, కానీ నెలల తరబడి గుండె మీద కూర్చున్న బరువు లేదు. కాసేపటికి ఆమెలోని గిడ్డంగి మనిషి లేచింది. అందరి ఫ్రీజర్లలో ఉన్న వెల్లుల్లి పువ్వును పారెయ్యొద్దని, కాచేటప్పుడు మొదట్లోనే వేసి గంటసేపు మరగనిస్తే వాసనంతా ఆవిరైపోయి చేదు మాత్రం మిగులుతుందని చెప్పింది. చివర్లో వేసే వాసన పువ్వు మాత్రం వేరేది కావాలి. కెండ్రా మూడోసారి కాచాలంటే ఆ పువ్వు ఎక్కడి నుంచి తేవాలి?

"నీ ఫ్రీజర్‌లో నిరుటిది ఉండాలి కదా," అన్నాడు వెండెల్.

అడుగున ఒక సంచి దొరికింది. లొరెట్టా వేలితో నొక్కింది. ఇటుకలా గట్టిగా ఉంది, అంటే సీలు వదలలేదు. వెలుగులో తిప్పి చూసింది, రంగు పచ్చగానే ఉంది. ఇంతవరకు కళ్ళూ వేళ్ళూ చాలు. మంచిదో ముక్కిపోయిందో ఖాయంగా చెప్పాలంటే విప్పి వాసన చూడాల్సిందే. అలవాటు కొద్దీ అందరూ ఆమె వైపు చూశారు, చూసి ఏం చెయ్యాలో తెలియక చూపులు తిప్పుకున్నారు.

లొరెట్టా కత్తెర తీసుకుని సంచి మూల కోసింది. నాలుగు పువ్వులు అరచేతిలో వేసుకుని వెచ్చబడే దాకా నలిపింది. ఆ చేతులు ఎల్విరా మొహం దగ్గర పెట్టింది.

"చెప్పు."

ఎల్విరా కంగారు పడింది. "నేనా? నేను బేళ్ళు కుట్టిన దాన్ని, నాకేం తెలుసు?"

"తెలియడం సంగతి నేను చూసుకుంటాను. నీకేం వస్తోందో చెప్పు."

ఎల్విరా పీల్చింది. "హాప్ వాసన."

"ఆహా, ఇన్నాళ్ళకు కనిపెట్టావు. సరిగ్గా పీల్చు. చీజ్ ఏమైనా తగులుతోందా? చెమట మేజోళ్ళు?"

"లేదు. అలాంటిదేం లేదు."

"గడ్డి?"

"కొంచెం. ఎండు గడ్డి కాదు. పచ్చిది."

"దాని వెనక? వదిలెయ్యకు, ఆగు. చివర్న ఏముంది?"

ఎల్విరా కళ్ళు మూసుకుంది. "నారింజ," అంది. "పండు కాదు, తొక్క. తొక్క ఒలిచి చేతులు కడుక్కోకపోతే ఉంటుందే, అది. ఇంకా... ఎలా చెప్పాలి? గిడ్డంగిలో నువ్వు మంచి బేలు కోసినప్పుడు, పని మధ్యలో నన్ను కేకేసి రమ్మనేదానివి. 'ఇది చూడు, ఇది చూశాకే చావాలి' అనేదానివి. నేను పరిగెత్తుకొచ్చేదాన్ని. అది. ఆ రోజుల్లో వచ్చిందే."

లొరెట్టా చేతులు ఇంకా ఎల్విరా గడ్డం కిందే ఉన్నాయి. ఆమె ముక్కుకు ఏమీ రాలేదు. కానీ ఎల్విరా ఏ వాసన గురించి చెబుతోందో ఆమెకు పూర్తిగా, పొరపాటుకు తావు లేకుండా తెలిసింది.

"సరే," అంది. "కెండ్రాకు ఇవ్వండి."